పాత బార్బెక్యూ హోటల్లో బ్రిస్కెట్ మునుపటిలా లేదు: తేడా ఎక్కడ కొట్టిందో పట్టుకోవడం ఎలా?

అరపౌండు:

సెంట్రల్ టెక్సాస్ పద్ధతిలో వండే బార్బెక్యూ హోటల్. పేరు అనవసరం. పది పన్నెండేళ్ల కిందట ఆ చుట్టుపక్కల బ్రిస్కెట్‌కి, అంటే పొగలో మగ్గించిన గొడ్డు ఛాతీ మాంసానికి, అదే పెట్టింది పేరు. ఇప్పుడు వెళ్తే బల్లలు అవే, మాంసం చుట్టే గులాబీ రంగు బుచర్ పేపర్ అదే, వెనకాల చిమ్నీలోంచి పొగ కూడా వస్తోంది. పళ్లెంలోకి వచ్చేది మాత్రం వేరే.

లక్షణాలు చెప్తాను. లీన్ (కొవ్వు తక్కువుండే) ముక్క చేత్తో ఎత్తితే మధ్యలో విరిగి పడుతోంది. మాయిస్ట్ (కొవ్వు ఎక్కువుండే) ముక్కలో కొవ్వు తెల్లగా, మైనంలా ఉంది. పైన నల్లగా గట్టిగా ఉండాల్సిన బార్క్ తడిసిన అట్టలా ఊడి వస్తోంది. స్మోక్ రింగ్, అంటే ముక్క అంచు లోపలి గులాబీ పట్టీ, మాత్రం మునుపటికన్నా ఎర్రగా, అందంగా ఉంది. పంది రిబ్ (పక్కటెముక) పట్టుకుంటే ఎముక నున్నగా జారి చేతికొస్తోంది. సాసేజ్ ఒక్కటే పాత రుచి.

"ఓనర్లు మారారు", "రోజులు బాగాలేవు" లాంటి జవాబులు వద్దండీ. పొయ్యి మారిందా, మాంసం మారిందా, వండాక నిలవ పెట్టే తీరు మారిందా? పళ్లెం చూసి ఇది తేల్చే దారి ఉందా? ఇంకోసారి వెళ్తే ఏ వేళకి వెళ్లాలి, ఏం అడగాలి?

పీచుకడ్డం:

ముందుగా, మీరు "ఎండిపోయింది" అనకుండా "విరిగి పడుతోంది" అన్నారు. సగం పని అక్కడే అయిపోయింది. బ్రిస్కెట్ పొడిబారడం రెండు రకాలు, రెండింటి కారణాలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు. నమిలినా నమిలినా నలగక రబ్బరులా లాగితే అది ఉడకలేదు, లోపలి కొలాజెన్ ఇంకా జిగురుగా కరగలేదు. ఇసుకలా రాలిపోతే అది ఎక్కువ ఉడికింది, పీచుని పట్టి ఉంచేదంతా కరిగి కారిపోయింది. నూటికి తొంభై మంది మొదటి రకాన్ని కూడా "ఓవర్‌కుక్ చేశారు" అనేస్తారు. వంటవాడు ఆ మాట నమ్మి మర్నాడు ఇంకో గంట ముందే దించేస్తే కథ ఇంకా చెడుతుంది.

పరీక్ష ఇలా చేయండి. లీన్ వైపు నుంచి, అంటే ఫ్లాట్ కండ నుంచి, పెన్సిల్ మందాన కోసిన ముక్క తీసుకోండి. పావు అంగుళం, సుమారు 6 మిల్లీమీటర్లు. చూపుడు వేలి మీద మధ్యకి వేలాడదీయండి. రెండు కొసలూ కిందికి వంగాలి, ముక్క తెగకూడదు. తర్వాత రెండు చేతులా పట్టి మెల్లగా లాగండి. రవ్వంత సాగి, అప్పుడు విడిపోవాలి. వేలి మీదే తెగితే ఎక్కువైంది. లాగితే రబ్బరు బ్యాండులా వెనక్కి గుంజుకుంటే తక్కువైంది.

కోసేవాళ్లకి ఇదంతా తెలుసు, అందుకే కత్తి మీద కూడా ఓ కన్నెయ్యండి. మరీ ఉడికిపోయినదాన్ని మందంగా కోస్తే విరగడం కనబడదు. ఉడకనిదాన్ని పలచగా కోస్తే నమలడం తేలికవుతుంది. ఎప్పుడూ పెన్సిల్ మందాన ఇచ్చే చోట ఉన్నట్టుండి అరంగుళం పలకలు వస్తున్నాయంటే కారణం పెద్ద మనసు కాకపోవచ్చు. పీచుకి అడ్డంగా కోస్తున్నారా అన్నదీ చూడండి. బ్రిస్కెట్‌లో ఫ్లాట్, పాయింట్ అని రెండు కండలుంటాయి, వాటి పీచు చెరో దిక్కుకి పోతుంది. ఫ్లాట్ అయిపోయి పాయింట్ దగ్గరికి రాగానే మాంసాన్ని తిప్పుకుని కోయాలి. కొత్తగా కత్తి పట్టినవాళ్లు తిప్పరు, మొదటినుంచి చివరిదాకా ఒకే వరస. అప్పుడు మంచి మాంసం కూడా తాళ్లు తాళ్లుగా వస్తుంది.

ఇక కొవ్వు. తెల్లగా మైనంలా ఉందన్నారు. చిన్న ముక్క రెండు వేళ్ల మధ్య పెట్టి అర నిమిషం నలపండి. వేలి వేడికి మెత్తబడి జిడ్డుగా పాకితే అది ఉడికిన కొవ్వే, చల్లారి గడ్డకట్టింది. నలగకుండా రబ్బరు ముక్కలా నిలిస్తే అసలు కరగనే లేదు. మొదటిది వడ్డించేచోట తప్పు, రెండోది పొయ్యి దగ్గర తప్పు. సరిగ్గా కరిగిన కొవ్వు కొంచెం పసుపు పచ్చగా, వెలుతురుకి పెడితే అవతలి వైపు మసకగా తెలిసేలా ఉంటుంది.

వెళ్లినప్పుడు సాస్ ముట్టుకోకండి. అది గొప్ప వకీలు, ఎంత తప్పునైనా వాదించి గెలిపిస్తుంది. పావు పౌండు లీన్, పావు పౌండు మాయిస్ట్, ఒక రిబ్, ఒక సాసేజ్. దర్యాప్తుకి ఇవి చాలు.

కట్టెలమోపు:

ఆ లక్షణాల్లో స్మోక్ రింగ్‌ని కొట్టేయండి. దాని అందం చూసి పొయ్యి గురించి ఏమీ చెప్పలేం. మాంసానికి రంగునిచ్చే మయోగ్లోబిన్‌ని మంటలోంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ పట్టుకుంటే ఆ గులాబీ రంగు నిలుస్తుంది, అంతే. దానికి రుచి లేదు. కట్టె మంటలోనూ పుడుతుంది, గ్యాస్ మంటలోనూ పుడుతుంది, చివరికి పై పూతలో కాస్త క్యూరింగ్ సాల్ట్ (మాంసం నిలవ పెట్టడానికి వాడే ఉప్పు) కలిపినా వచ్చేస్తుంది. కాన్సాస్ సిటీ బార్బెక్యూ సొసైటీ పోటీల్లో న్యాయనిర్ణేతలు రింగ్‌ని లెక్కలోకి తీసుకోకూడదన్న నియమం ఊరికే రాలేదు.

పొయ్యి మారిందా లేదా తెలియాలంటే పెరట్లోకి చూడండి. పాత పద్ధతి ఆఫ్‌సెట్ పిట్‌లో, అంటే మంట పక్క అరలో ఉండే పొయ్యిలో, వేడి మొత్తం కట్టెలదే. 250 నుంచి 275 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర నిలబెట్టాలంటే అరగంటకో ముప్పావుగంటకో ఒక చీలిక వేస్తూ ఉండాలి, రాత్రంతా ఓ మనిషి కాపలా. అలాంటి చోట కట్టెలు కార్డుల లెక్కన పేర్చి ఉంటాయి. ఒక కార్డు అంటే 4 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు, 8 అడుగుల పొడవు, 128 ఘనపు అడుగులు. పక్కనే బూడిద డ్రమ్ములు, గొడ్డలి, దుమ్ము. ఇవేవీ లేకుండా గోడవారన అలంకారానికన్నట్టు నాలుగు వరసల మొద్దులు, వాటి మీద సాలెగూడు ఉన్నాయంటే లోపల గ్యాస్‌తో నడిచే తిరుగుడు అరల స్మోకర్ ఉందని అర్థం. అందులో థర్మోస్టాట్ వేడి చూసుకుంటుంది, బర్నర్ మండుతుంది, రుచి కోసం రెండు మూడు మొద్దులు పడేస్తారు. చిమ్నీలో పొగ దానికీ వస్తుంది.

గ్యాస్ స్మోకర్ అంటే మోసం అనేవాళ్లతో నేను ఏకీభవించను. రాత్రి కాపలాకి మనిషి దొరకనప్పుడు అది నిలకడగా పని చేస్తుంది, అనుభవం లేని చేతుల్లో ఆఫ్‌సెట్ కన్నా వెయ్యిరెట్లు నయం. కానీ రెండింటిలో గాలి ఆడే తీరు వేరు. ఆఫ్‌సెట్ మంట గాలిని విపరీతంగా లాక్కుని మాంసం మీదుగా చిమ్నీలోకి తోస్తుంది. ఆ గాలికి పైభాగం ఆరి, మిరియాలూ కొవ్వూ పొగా కలిసి గట్టి బార్క్ కడుతుంది. మూసి ఉన్న పెట్టెలో ముప్పై బ్రిస్కెట్లు వాటి ఆవిరిలో అవే తిరుగుతుంటే బార్క్ పలచగా, మెత్తగా వస్తుంది. పొగ వాసన ఉంటుంది గానీ పైపైనే.

ఇంకో రకం పతనం ఉంది, అది కట్టెది. సెంట్రల్ టెక్సాస్‌లో వాడేది పోస్ట్ ఓక్ అనే చెట్టు కట్టె. కోసి, చీల్చి, చాలా నెలలు ఆరబెట్టి, తేమ ఇరవై శాతం దగ్గరికి దిగాక వాడాలి. గిరాకీ పెరిగి పచ్చి కట్టె వచ్చిపడితే అది మండదు, కుములుతుంది. అప్పుడు తెల్లని దట్టమైన పొగ. ఆ పొగ పట్టిన మాంసం తింటే నాలుక కొస చిమచిమలాడుతుంది, చేదు గొంతులో ఉండిపోతుంది. కనబడీ కనబడని నీలం పొగ మంచిది. పార్కింగ్‌లో దిగగానే కళ్లు మండితే ఆ రోజు ఆకలి లేదనుకోండి.

పిట్ మారినంత మాత్రాన అన్నీ మారిపోవని కూడా చెప్పాలి. టెక్సాస్‌లో లాక్‌హార్ట్ ఊళ్లోని క్రూజ్ మార్కెట్ అనే బార్బెక్యూ హోటల్ 1900 నుంచి ఉన్న చోటిని వదిలి 1999లో కొత్త భవనానికి వెళ్లినప్పుడు పాత పిట్‌లోని నిప్పులు తొట్టిలో వేసి రోడ్డు మీద ఈడ్చుకెళ్లారు. పాత భవనం స్మిటీస్ మార్కెట్ పేరుతో నడుస్తోంది. నిప్పులు మోసుకెళ్లడం వేడుకే అనుకోండి, వంటకి దానివల్ల ఒరిగేది లేదు. కట్టె, గాలి, కాపలా మనిషి ఈ మూడూ కొత్త చోటికి వెళ్లాయా అన్నదే లెక్క.

మూతపెట్టు:

కట్టెలమోపు గారు చెప్పింది నిజమే గానీ ఈ కేసులో పొయ్యి నిర్దోషి అని నా అనుమానం. కారణం సాసేజ్. పొయ్యి మారినా, కట్టె చెడినా అందరికన్నా ముందు చెప్పేది సాసేజే. దాని తోలు పలచన, పొగ ఇట్టే పడుతుంది, చేదైతే వెంటనే తెలిసిపోతుంది. అది పాత రుచితో ఉంది అన్నారు. అంటే మంట బాగుంది. పాడైనవి బ్రిస్కెట్, రిబ్. ఈ రెండూ గంటల తరబడి చుట్టిపెట్టి, మూతపెట్టి ఉంచేవి. సాసేజ్ గంటలోపు తయారవుతుంది, ఎప్పటికప్పుడు వేస్తారు. (సాసేజ్ బయటినుంచి కొంటున్నారేమో కూడా కనుక్కోండి. అలాగైతే నా వాదన సగం బలహీనం.)

పొయ్యి మీదినుంచి దించాక బ్రిస్కెట్‌కి ఏం జరుగుతుందన్నది చాలామంది పట్టించుకోరు, అసలు రుచి తేలేది అక్కడే. అన్నం వార్చాక మూతపెట్టి ఉమ్మగిల్లనిస్తాం చూడండి, అచ్చం అలాంటిదే. లోపలి వేడి 195 నుంచి 205 డిగ్రీల (నేను చెప్పేవన్నీ ఫారెన్‌హీటే) మధ్య, థర్మామీటర్ సూది వెన్నలోకి దిగినట్టు దిగితే, దించుతారు. వెంటనే కోయరు, వెంటనే పెట్టెలోనూ పెట్టరు. విప్పి బల్ల మీద ఉంచి 160 చుట్టుపక్కలకి దిగనివ్వాలి. ఆ తర్వాత కాగితంలో చుట్టి 140 నుంచి 150 మధ్య ఉండే వేడి పెట్టెలో మగ్గనివ్వాలి. ఇలా పది పన్నెండు గంటలు ఉంచినా మాంసం చెడదు సరికదా ఇంకా మెత్తబడుతుంది, కొలాజెన్ నెమ్మదిగా కరుగుతూనే ఉంటుంది. అమెరికా ఫుడ్ కోడ్ ప్రకారం వేడిగా ఉంచే పదార్థం 135 కిందికి దిగకూడదు, అందుకే అడుగు హద్దు అది.

ఇందులో తప్పులు ఎక్కడెక్కడ జరుగుతాయంటే, ఒకటి, 203 దగ్గర దించి నేరుగా పెట్టెలో తోసేయడం. పెద్ద మాంసం ముద్ద, లోపలి వేడి బయటికి పోయే దారి లేదు, ఇంకో రెండు గంటలు తనలో తను ఉడుకుతూనే ఉంటుంది. ఫలితం మీరు చెప్పినట్టు వేలి మీద విరగడం. రెండోది పెట్టెని 170 మీద పెట్టడం. ఆరోగ్య తనిఖీకి భయపడి కొందరు, పళ్లెంలో వేడిగా లేదని గొడవ చేసే కస్టమర్లకి భయపడి కొందరు పెంచుతారు. 170లో ఎనిమిది గంటలంటే ఇంకో వంట. మూడోది నీళ్ల తొట్టి ఉన్న పెట్టె, పైగా అల్యూమినియం ఫాయిల్. కాగితం ఆవిరిని కొంత బయటికి వదులుతుంది, ఫాయిల్ చుక్క కూడా వదలదు. బార్క్ తన రసంలో తనే నాని తడిసిన అట్ట అవుతుంది. మీరు సరిగ్గా ఆ పోలికే వాడారు.

నాలుగోది అన్నిటికన్నా అన్యాయం: నిన్నటిది వేడి చేసి ఇవ్వడం. మిగిలినదాన్ని నియమం ప్రకారం రెండు గంటల్లో 70 డిగ్రీలకి, ఆ తర్వాత నాలుగు గంటల్లో 41కి చల్లార్చి, మర్నాడు మళ్లీ 165కి వేడి చేయాలి. నియమం పాటిస్తే ఒంటికి హాని లేదు, రుచికి మాత్రం ఉంది. చల్లారినప్పుడు కొవ్వు గాలితో కలిసి కనరెక్కుతుంది, మళ్లీ వేడి చేయగానే తడిసిన అట్టపెట్టె వాసన బయటికొస్తుంది. రెండో వేడికి పీచు ఇంకోసారి బిగిసి నీళ్లు కక్కుతుంది. ముక్క కింద కాగితం మీద పలచని నీటి మడుగు, దాని మీద తేలే నూనె చుక్కలు కనిపిస్తే అనుమానించండి. తాజాదాని రసం చిక్కగా వేలికి అంటుకుంటుంది, చల్లారితే జిగురు కడుతుంది.

నిన్నటిది వాడటంలో తప్పు లేదు. తరిగిన బీఫ్ శాండ్‌విచ్, బీన్స్ ఉన్నవి అందుకే. మంచి చోట నిన్నటి బ్రిస్కెట్ అక్కడ తేలుతుంది, ముక్కల పళ్లెంలో తేలదు.

అరపౌండు:

అందరికీ థాంక్స్. ఇక్కడ చెప్పినవన్నీ పెట్టి చూశాక వివరాలివి. సాయంత్రం ఏడింటికి కోసిన లీన్: వేలి మీద పెట్టగానే విరిగింది. వెండి రంగు ఫాయిల్ విప్పి, లోతైన స్టీల్ ట్రేలోంచి తీసి కోశారు, ట్రే అడుగున పలచని నీళ్లు. కొవ్వు వేళ్ల మధ్య నలిపితే కరిగింది. ఇంకోరోజు పదకొండున్నరకి కోసిన లీన్: వంగింది, తెగలేదు, లాగితే కొంచెం సాగి విడిపోయింది. బార్క్ గరగరలాడింది. అది బుచర్ పేపర్లోంచి తీశారు. పెరట్లో కట్టెలు రెండు కార్డులకి తక్కువ లేవు, బూడిద తాజాగా ఉంది. సాసేజ్ అక్కడే చేస్తారట.

కాకపోతే పొద్దున్నది కూడా పాత రుచికి ఓ మెట్టు కిందే. మిరియాల ఘాటు తగ్గి ఉప్పు ముందుకొచ్చింది. ఇది కూడా నిలవ వల్లేనా?

మూతపెట్టు:

సాయంత్రం సంగతి తేలిపోయింది. ఒకే వంట, రెండు రకాల నిలవ. పాత రోజుల్లో ఆ హోటల్ మధ్యాహ్నం రెండింటికి "అయిపోయింది" బోర్డు పెట్టేసేదేమో గుర్తు చేసుకోండి. ఇప్పుడు రాత్రి తొమ్మిది దాకా తెరిచి ఉంటే ఆ ఏడు గంటలు మాంసం ఎక్కడో ఉండాలిగా. రాత్రి భోజనానికి విడిగా, పగలు దించేలా రెండో విడత పెట్టే చోట ఈ బాధ ఉండదు, కానీ దానికి ఇంకో పిట్, ఇంకో మనిషి కావాలి. రుచి మారిన చాలా చోట్ల మొదట మారింది బోర్డు మీది వేళలే.

ఉప్పు సంగతి నాది కాదు, తెలిసినవాళ్లు చెప్తారు.

ఉప్పుడబ్బా:

ఇది నిలవ వల్ల కాదు. మూడు అనుమానాలున్నాయి, మొదటిది నవ్వొచ్చేంత చిన్నది.

ఉప్పు బ్రాండు. కోషర్ సాల్ట్ (పెద్ద పలుకుల ఉప్పు) అని రెండు డబ్బాల మీదా రాసి ఉంటుంది. డైమండ్ క్రిస్టల్ రకం కప్పుకి సుమారు 140 గ్రాములు తూగుతుంది, మోర్టన్ రకం సుమారు 240. రేకులు బోలుగా ఉండటం, గట్టిగా ఉండటం తేడా. పూత కొలతలు కప్పుల్లో రాసిపెట్టుకున్న వంటింట్లో సరుకు తెచ్చేవాడు డబ్బా మార్చాడంటే, "ఒక కప్పు ఉప్పుకి ఒక కప్పు మిరియాలు" అన్న పాత సూత్రమే ఒకటిన్నర రెట్లకి మించి ఉప్పు వేస్తుంది. వంటవాడికి తెలియదు, ఆయన చేసేది చేస్తూనే ఉన్నాడు. తూకంతో కలిపే చోట ఈ తప్పు జరగదు.

మిరియాలు. ఈ పద్ధతికి వాడేది 16 మెష్, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల పలుకులు. బార్క్ గరుకుదనం దానిదే. టేబుల్ మీద చల్లుకునే మెత్తని పొడి వాడితే మొదటి గంటలో ఘాటెక్కువ, పన్నెండు గంటల వేడికి వాసన ఎగిరిపోయి చేదు మిగులుతుంది. ముక్క అంచుని గోటితో గీకి చూడండి. పలుకులు విడివిడిగా రాలాలి. నల్లని పేస్టులా వస్తే పొడి మారింది.

మూడోది మాంసం గ్రేడు. అమెరికా వ్యవసాయ శాఖ గ్రేడుల్లో పైన ప్రైమ్, తర్వాత ఛాయిస్, తర్వాత సెలెక్ట్. తేడా కండలో సన్నగా అల్లుకున్న కొవ్వుది. పాయింట్‌లో ఎలాగూ కొవ్వుంటుంది కాబట్టి మాయిస్ట్ ముక్కలో ఈ తేడా అంతగా తెలియదు. ఫ్లాట్ బయటపెట్టేస్తుంది. లీన్ ముక్కని వెలుతురులో పెడితే కండలో సన్నని తెల్లని గీతలు కనిపించాలి. కిందిరకం మాంసమైతే ఎంత బాగా మగ్గించినా నోట్లో రసం తక్కువ, అందువల్ల ఉప్పు విడిగా తెలుస్తుంది. మీరన్న "ఓ మెట్టు కింద" ఇదే కావచ్చు.

గ్రేడు ఎందుకు దించుతారో లెక్క వేస్తే వాళ్ల మీద కోపం కొంచెం తగ్గుతుంది. 14 పౌండ్ల పూర్తి బ్రిస్కెట్ తీసుకోండి. పై కొవ్వు, గట్టి తునకలు తీసేస్తే 11. పొయ్యి మీద నీళ్లు, కొవ్వు పోయి 7 మిగులుతాయి, కొసలు తీసేస్తే అమ్మేది ఆరున్నర. పచ్చి మాంసం పౌండు 5 డాలర్లకి కొన్నారనుకుంటే 70 డాలర్లు పెట్టి ఆరున్నర పౌండ్లు తెచ్చుకున్నట్టు, అంటే పౌండుకి 11 డాలర్లకి కాస్త తక్కువ. కట్టె, జీతం, అద్దె ఇంకా లెక్కలోకి రానేలేదు. పచ్చి ధర ఒక డాలర్ పెరిగితే పళ్లెంలో రెండు డాలర్లకి పైగా పెరుగుతుంది. 2024 జనవరి లెక్కల్లో అమెరికాలో పశువుల సంఖ్య 8.72 కోట్లు, 1951 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. ఏళ్ల తరబడి కరువు, మేత లేక తల్లి ఆవుల్ని అమ్మేయడం. మంద మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది. ధర పెంచడమా, గ్రేడు దించడమా, ముక్క తగ్గించడమా అని మూడు దారులుంటే, ఎక్కువమంది కస్టమర్ కంటికి కనబడనిది ఎంచుకుంటారు.

పీచుకడ్డం:

రిబ్ గురించి ఎవరూ వివరంగా చెప్పలేదు. ఎముక నున్నగా జారి రావడం చాలామందికి మెచ్చుకోలు. పని తెలిసినవాళ్లకి అది తప్పు, ఎక్కువ చుట్టిపెట్టి ఆవిరి పట్టించారని అర్థం. కొరికితే కొరికిన మేర మాత్రమే మాంసం రావాలి, పళ్ల గుర్తు అచ్చు పడ్డట్టు ఉండాలి, ఎముక బయటపడిన చోట కొద్ది సెకన్లలో తెల్లగా ఆరిపోవాలి. మీ పొద్దుటి రిబ్ ఇలా ఉండి సాయంత్రంది జారిపోతే మళ్లీ అదే పెట్టె, అదే ఫాయిల్.

ఒక హెచ్చరిక. ఉప్పుడబ్బా గారు చెప్పిన మూడూ ఒక్క పూటలో తేల్చకండి. బ్రిస్కెట్లన్నీ ఒకేలా ఉండవు, ఒకే పెట్టెలోంచి వచ్చిన రెండింటిలో కూడా ఫ్లాట్ మందం తేడా ఉంటుంది. వారం మధ్యలో ఒకసారి, శనివారం ఒకసారి చూస్తే పిట్ దగ్గర ఎవరి డ్యూటీ ఉన్నప్పుడు బాగుందో కూడా తెలుస్తుంది. టెక్సాస్ మంత్లీ పత్రిక బార్బెక్యూ హోటళ్ల టాప్ 50 జాబితాలు 2013, 2017, 2021, 2025లో వచ్చాయి, మీ హోటల్ వాటిలో ఉండి ఉంటే అప్పుడేం రాశారో పక్కపక్కన పెట్టి చదవండి. జాబితాలోంచి పోయినంత మాత్రాన చెడిపోయినట్టు కాదు, కొత్త పోటీ విపరీతంగా పెరిగింది. కానీ పాత వర్ణనలో "గరుకు బార్క్" అని ఉంటే మీ జ్ఞాపకం నమ్మదగిందే.

అరపౌండు:

బాగా అర్థమైంది. కౌంటర్ దగ్గర ఎలా అడగాలి? వెనక వరస ఉంటుంది, కోసే అబ్బాయికి విసుగు రాకూడదు.

కట్టెలమోపు:

తెరిచిన అరగంట లోపు వెళ్లండి. గ్రేడు, బ్రాండు అని మొదలుపెట్టకండి, ఆ అబ్బాయికి తెలియదు, తెలిసినా చెప్పడు. మూడు చిన్న ప్రశ్నలు చాలు. "ఇది ఎన్నింటికి దించారు?" తడుముకోకుండా "తెల్లవారి నాలుగింటికి" లాంటి జవాబొస్తే మంచి చోటే. "రాత్రికి వేరే విడత ఉందా?" లేదంటే సాయంత్రం వెళ్లకండి, వెళ్లినా సాసేజ్ తినండి. మూడోది ప్రశ్న కాదు, కోరిక: "ఇది అయిపోయాక కొత్తది తెరిచినప్పుడు ఇవ్వండి, ఆగుతాను." పక్కకి జరిగి నిలబడితే వరస ఆగదు. సగం కోసి పది నిమిషాలు గాలికి వదిలిన బ్రిస్కెట్ కోత ముఖం నల్లబడి ఆరిపోయి ఉంటుంది. ఆ మొదటి ముక్క ఎవరో ఒకరికి వెళ్లాలి, మీకు వద్దు.

మాయిస్ట్ అడిగేటప్పుడు "బార్క్ ఎక్కువున్న వైపు" అనండి. పాయింట్ పైభాగం ఇస్తారు.

మూతపెట్టు:

ఇంకొక్కటి. పొద్దున మంచిది దొరికితే సాయంత్రానికి పార్సిల్ తెచ్చుకోవడమే తేలిక. కోయించకుండా ఒకే ముద్దగా, రెండు మూడు పౌండ్లు, కాగితంలోనే చుట్టించండి. ఇంటికొచ్చాక రెండు గంటల్లోపు తినేట్టయితే ఫ్రిజ్‌లో పెట్టకుండా, ఖాళీ ఐస్ పెట్టె అడుగున తువ్వాలు పరిచి అందులో ఉంచి పైన ఇంకో తువ్వాలు కప్పండి. మర్నాటికైతే గాలి తీసిన సంచిలో సీలు చేసి, ఫ్రిజ్‌లో పెట్టి, తినేముందు 155 డిగ్రీల నీళ్లలో గంటన్నర రెండు గంటలు ముంచి ఉంచండి. గాలి తగలదు కాబట్టి అట్టపెట్టె వాసన చాలా తక్కువ. బార్క్ మెత్తబడుతుంది. తీసి తుడిచి, 400 డిగ్రీల ఓవెన్లో బార్క్ పైకి ఉండేలా ఐదు నిమిషాలు పెడితే పైన మళ్లీ గరుకు వస్తుంది. కత్తి అప్పుడు తీయండి. ముందే కోసి మైక్రోవేవ్‌లో పెట్టారో, ఆ సాయంత్రం ఏడింటి ముక్కే మళ్లీ మీ పళ్లెంలో ఉంటుంది.